పన్నెండు మీటర్ల తీగ

మా ఇంటి నడిమి గది పొడవు 24 అడుగులు. తూర్పు గోడకు టీవీ, పడమటి కిటికీ క్రింద మా అమ్మ మంచము. ఈ రెంటికి నడుమనున్న జాగాను మేమెవ్వరమును ఏనాడును ఒక దూరముగా లెక్కించినవారము కాము. అమ్మ మంచము పట్టిన తరువాతనే అది ఎంత దూరమో మాకు తెలిసివచ్చినది.

కొన్నేండ్ల క్రిందటి మాట. తేనికి దగ్గరి వీరపాండిలో గౌమారియమ్మ తిరునాళ్ళు ముగిసిన వారములో, అమ్మ పెరటి మెట్టు మీద జారిపడినది. అప్పటికి ఆమెకు 85 ఏండ్లు. తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగినది. ఆ తరువాత ఆమె నడక మంచము నుండి కుర్చీకి, కుర్చీ నుండి మంచమునకు మాత్రమే. అంతకు ముందు ప్రతిదినము సందకాడ తూర్పు గోడ దగ్గర పీట వేసికొని, ఒక గంటసేపు తెలుగు చానలు చూచుట ఆమెకు అలవాటు. ఆ గంటసేపు ఇంటిలో ఎవ్వరును ఆమె జోలికి పోయెడివారు కారు. తక్కిన వేళలందు ఆ పెట్టె పిల్లలది. తమిళ వార్తలు, క్రికెట్టు, బొమ్మల కథలు, సినిమాలు.

మంచము మీది నుండి చూచిన ఆ తెర ఆమె కంటికి ఆనదు. శబ్దము పెంచినచో వీధివారికందరికి వినబడును గాని, ఆమెకు మాటలు విడివిడిగా తెలియవు. మంచమును తూర్పు గోడ వైపునకు జరుపుదమని మా అబ్బాయి అన్నాడు. నలుగురు పట్టినచో అయిదు నిమిషముల పని. అమ్మ ఒప్పుకొనలేదు.

"ఈ కిటికీ ఇడిసి నేను రాను. ఈడనుంచి కొండ కనిపిస్తా ఉండాది, వీదిలో పొయ్యే మనిసి కనిపిస్తా ఉండాడు. నన్నేంటికి కదిపేది? దాన్నే కదపండి" అన్నది.

న్యాయమైన మాట. ఆ కిటికీలో బోడి వైపు కొండల వరుస కనబడును. ఆ కొండల నీడలోనే మా నాయన సేద్యము చేసినాడు. లేవలేని మనిషికి మిగిలిన లోకమంతయు ఆ కిటికీయే. ఆమెను తెర దగ్గరకు తెచ్చుట కంటె తెరనే ఆమె దగ్గరకు తెచ్చుట మా ధర్మమని తోచినది.

ఒక సాధారణమైన టీవీ కొరకు ఇంత ఆలోచన ఏల అని చదువరులకు తోచవచ్చును. కోయంబత్తూరు, మదుర ప్రాంతములలోని మన పాత తెలుగు ఇండ్ల పరిస్థితి ఎరిగినవారికి ఇది తెలియనిది కాదు. మదురలో విశ్వనాథనాయకుని పాలన 1529లో మొదలైనదని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ నాయకరాజుల కాలము మొదలుకొని తరతరములుగా మన పూర్వులు ఈ సీమకు వచ్చి స్థిరపడినారు. మాట వెంట తెచ్చుకొన్నారు. బడిలో చదువు తమిళమున సాగినందున, మాట నోట నిలిచినది గాని అక్షరము చేతికి అందలేదు. ఇటువంటి వలసకుటుంబముల కథను 'గోపల్ల గ్రామం' అన్న నవలగా వ్రాసిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగే. ఆయన వ్రాసినది తమిళమున. అందు తప్పేమియు లేదు. ఆయన చేతికి అందిన అక్షరము అది.

మా అమ్మ తమిళ బడిలో అయిదవ తరగతి వరకు చదివినది. తమిళ పత్రిక చక్కగా చదువగలదు. తెలుగు అక్షరము ఒక్కటియు ఎరుగదు. నేను ఉద్యోగరీత్యా చిత్తూరులో ఉన్న కాలమున, నలుబది యేండ్ల వయస్సులో, పలకా బలపము పట్టి నేర్చుకొన్నందున నాకు ఈ నాలుగు ముక్కలు వ్రాయుట అలవడినది. మన సంఘములు వెలువరించు పుస్తకములు నాకు ఉపయోగపడును గాని, ఆమెకు ఉపయోగపడవు. ఆమె తెలుగు చెవిలో ఉన్నది, కంటిలో లేదు. చెవికి తెలుగు అందించువారు ఊరిలో ఒక్కొక్కరుగా తగ్గిపోయినారు. ఆమె ఈడువారు వెళ్ళిపోయినారు. మా తరము వారము ఇంటిలో సగము తెలుగు, సగము తమిళము మాటలాడుదుము. మా పిల్లలకు తెలుగు అర్థమగును, పలుకరు. వారి పిల్లలకు అర్థమగుట కూడ తగ్గినది. కనుక సందకాడ ఒక గంటసేపు మొదలునుండి తుదివరకు తెలుగు మాటలాడు తోడు ఆమెకు ఆ పెట్టె ఒక్కటియే.

ఆకాశము నుండి దిగివచ్చిన భారతీయ భాషలలో తెలుగు మొదటి వరుసలోనిది. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఒక సంవత్సరము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సహాయముతో మన దేశమున గ్రామములకు టీవీ ప్రసారములు చేసి చూచినారు. దానికి 'సైట్' అని పేరు. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు అందుకు ఎన్నికైనవి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తమిళనాడు వాటిలో లేదు. ఆ పిదప ఇరువది యేండ్లకు, 1995లో, జెమినీ టీవీ, ఈటీవీ వచ్చినవి. ఉపగ్రహమునకు రాష్ట్రపు ఎల్లలు లేవు. భూమధ్యరేఖ మీద సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున అది నిలిచినట్లు ఉండును. హైదరాబాదునకు పంపిన మాటనే తేనికిని పంపును. మా ఇంట మొట్టమొదట తెలుగు చానలు పలికిన దినమున అమ్మ చాలసేపు విని, "వీళ్ళు యాడోళ్ళు? మనోళ్ళేనా?" అని అడిగినది. మనవారే అంటిని. "మాట వేరే మాదిరి ఉండాదే" అని సందేహించినది. అయినను మరునాడు పీట వేసికొన్నది.

ఇక తీగ సంగతి. మా మిద్దె మీద రెండు అడుగుల వెడల్పుగల డిష్షు ఆగ్నేయదిశగా ఆకాశము చూచుచుండును. దాని ముందు నిలిచిన చిన్న బుడిపెను ఎల్ఎన్‌బీ అందురు. అక్కడినుండి ఒక నల్లని తీగ గోడ వెంట దిగి, తూర్పు గోడలోని రంధ్రము గుండ లోనికి వచ్చి సెట్‌టాప్ బాక్సులో ముగియును. పెట్టెను, టీవీని పడమటి మూలకు మార్చవలెనన్నచో ఆ తీగ అక్కడిదాక పోవలెను. గోడల వెంట, వాకిలి మీదుగా కొలిచినాము. 12 మీటర్లు.

మా అబ్బాయికి వేరొక ఆలోచన వచ్చినది. "ఇంకొక టీవీ కొని పెద్దవ్వ దగ్గర పెట్టుదము, తీగను రెండుగా చీల్చుదము" అన్నాడు. నాకు అది నచ్చలేదు. ఒక గదిలో రెండు తెరలు ఉన్నచో అది రెండు ఇండ్లు అగునని భయపడినాను. ఆ భయము సరియైనదో కాదో గాని, ఆ పని అంత సులభము కాదని తరువాత తెలిసినది.

మా వీధిలో విద్యుత్ పనులు చేయు కుర్రవాడొకడు వచ్చి, ఒక గంటలో 12 మీటర్ల కొత్త తీగను పాత తీగకు అతికి, టేపు చుట్టి, పెట్టెను పడమటి మూలకు చేర్చినాడు. మీట నొక్కగనే తమిళ వార్తలు వచ్చినవి. పిల్లలు సంతోషించినారు. క్రికెట్టు వచ్చినది. బొమ్మల కథలు వచ్చినవి. కుర్రవాడు కూలి తీసికొని వెళ్ళినాడు.

సందకాడ అమ్మ చానలు పెట్టినాము. సంకేతము లేదని తెర మీద అక్షరములు కనబడినవి.

మబ్బు పట్టినది కాబోలునని కోడలు అన్నది. ఆడిమాసపు గాలికి డిష్షు కదలినదేమోనని నేను అన్నాను. ఆ చానలు మన కట్టుబడిలో లేదేమోనని అబ్బాయి అన్నాడు. మరునాడు నేను ఫోను చేసి అడిగితిని. చందా సక్రమముగా ఉన్నదని జవాబు వచ్చినది. అంతటితో ఊరకున్నాను. నిజము చెప్పవలెనన్నచో, మా ఇంట టీవీ చెడిపోయినట్లు ఎవ్వరికిని తోచలేదు. ఎవరికి వలసినది వారికి వచ్చుచునే ఉన్నది. క్రికెట్టు ఒక్క దినము రాకుండిన ఇల్లంతయు కదలెడిది. తెలుగు పదునొకండు దినములు రాలేదు. ఇంటిలో ఒక్క పని ఆగలేదు.

అమ్మ ఏమియు అడుగలేదు. ఆ గంట వచ్చినపుడు కిటికీ వైపునకు తిరిగి పండుకొనెడిది. పదునొకండవ దినమున నేను మాత్రలు ఇచ్చుచుండగా నెమ్మదిగా అన్నది:

"మీ మాట వస్తా ఉండాదిరా నాయనా. నా మాటే రాలేదు."

ఆ రెండు ముక్కలలో నిష్ఠూరము లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినది. కాని 'మీ మాట' అన్నప్పుడు ఆ 'మీ'లో నేనును ఉన్నాను. అరువది దాటిన నన్ను, ఆమె కడుపున పుట్టినవానిని, తెలుగు వ్రాయ నేర్చితినని లోలోపల గర్వపడువానిని, ఆమె ఆవలి గట్టున నిలిపినది. ఆ రాత్రి నిదుర పట్టలేదు.

తెల్లవారి ఒక కాగితము తీసికొని చానళ్ళ సంఖ్యలను వరుసగా నొక్కి చూచినాను. వచ్చినది ఒక ప్రక్క, రానిది మరొక ప్రక్క వ్రాసితిని. అప్పటిగాని తెలియలేదు, రానివి దాదాపు సగము. మేము చూడనివి గనుక లేవని ఎరుగము. ఆ కాగితము పట్టుకొని బస్‌స్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేయు ఒక పెద్దాయన అంగడికి పోయినాను. ఆయన తమిళుడు, తెలుగు ఒక్క ముక్కయు రాదు. కాగితము చూచి, "సగము వచ్చి సగము రాకుండిన అది ఆకాశపు తప్పు కాదయ్యా. ఎక్కడ అతికినారు?" అని అడిగినాడు.

తరువాత ఆయన చెప్పిన సంగతి నాకు క్రొత్తది. తీగలో మాట క్రిందికి దిగుట మాత్రమే నేను ఎరుగుదును. అదే తీగ వెంట సెట్‌టాప్ బాక్సు మీదికి విద్యుత్తును పంపునట. మనము కోరిన చానలును బట్టి కొన్నింటికి 13 వోల్టులు, కొన్నింటికి 18 వోల్టులు. 13 అయినచో ఎల్ఎన్‌బీ నిలువు తరంగములను, 18 అయినచో అడ్డ తరంగములను పట్టి పంపును. అతుకు చెడ్డదైనచో 18గా బయలుదేరినది పైకి చేరునప్పటికి తగ్గిపోవును. ఎల్ఎన్‌బీ దానిని 13 అనుకొని, అడిగినది ఒకటైన వేరొకటి పంపును. తీగను రెండుగా చీల్చి రెండు టీవీలు పెట్టుట కుదరకపోవుటకు కారణము కూడ ఇదే. ఒక పెట్టె 13 అని, మరొకటి 18 అని అడిగినచో, ఒకే మార్గము గల ఎల్ఎన్‌బీ ఇద్దరి మాట వినజాలదు. రెండు మార్గములున్న ఎల్ఎన్‌బీయు, రెండవ తీగయు వేయవలసినదే.

"పన్నెండు మీటర్లు ఎక్కువయినందున తగ్గిపోయినదా?" అని అడిగితిని.

"మంచి తీగ అయినచో ముప్పది మీటర్లకు కూడ బాధ లేదు. దూరము తినునది కొంచెమే. అతుకే తినివేయును" అన్నాడాయన.

మధ్యాహ్నము ఇంటికి వచ్చినాడు. ముందుగా పెట్టెకు విద్యుత్తు ఆపినాడు. తీగలో వోల్టులున్నపుడు నడిమి తీగకు పై అల్లిక తగిలినచో పెట్టెయో, ఎల్ఎన్‌బీయో చెడిపోవునట. తరువాత టేపు విప్పినాడు. ఆ తీగ లోపలి కట్టడము నేను అప్పుడే చూచినాను. నడుమ ఒంటి రాగి తీగ, దాని చుట్టును తెల్లని నురుగువంటి పూత, దానిపై వెండివంటి రేకు, ఆ పైన సన్నని తీగల అల్లిక, అన్నిటికి పైన నల్లని తొడుగు. నడిమి తీగ ఒక్కటే ప్రాణమని కుర్రవాడు భావించినాడు కాబోలు. రెండు రాగి తీగలను మెలివేసి, పై అల్లికను ఇంచుమించుగా కత్తిరించివేసినాడు. రెండు మూడు పోగులు మాత్రము ఒకదానికొకటి తగులుచున్నవి. గోడ చెమ్మకు అవియును పచ్చబడినవి.

పెద్దాయన రెండు కొనలను కోసివేసినాడు. తొడుగును అర అంగుళము ఒలిచి, అల్లికను ఒక్క పోగు తెగకుండ వెనుకకు మడిచి, తెల్లని పూతను సమముగా తీసి, రాగి తీగ కొంచెము బయటికి కనబడునట్లు ఉంచి, ఒక్కొక్క కొనకు ఎఫ్ కనెక్టరు బిగించినాడు. రెంటికి నడుమ ఇత్తడి జాయింటరు పెట్టి మరలు త్రిప్పినాడు. కుర్రవాడు తీగను గడప క్రింద మడిచి తెచ్చియుండెను. మడత దగ్గర నడిమి తీగ ప్రక్కకు ఒరిగిపోవునని, త్రొక్కుడు కూడ పడునని చెప్పి, వాకిలి చట్రము మీదుగా, మూలల దగ్గర వెడల్పుగా వంచుచు, అడుగున్నరకొక క్లిప్పు కొట్టి అమ్మ మంచము దాక తెచ్చినాడు. సామానుతో కలిపి ఖర్చు మూడు వందల రూపాయలకు లోపు.

మీట నొక్కి నన్ను చానలు సంఖ్య అడిగినాడు. తెలుగు పలికినది. ఆయన తెర వైపు చూడలేదు. భాష రానివాడు గనుక, సరిగా వచ్చినదో లేదో తెలిసికొనుటకు అమ్మ ముఖము చూచినాడు. చూచి, పనిముట్లు సంచిలో పెట్టుకొన్నాడు.

పెట్టె మూల మారినందున మా ఇంటిలో మరొక మార్పు కలిగినది. దానిని మేము తలచి చేయలేదు. క్రికెట్టు చూడవలెనన్నను, బొమ్మల కథలు చూడవలెనన్నను అమ్మ మంచము దగ్గరకే రావలెను. పడమటి మూల ఇంటికి నడిమి చోటైనది. తొమ్మిదేండ్ల మా మనుమరాలు మంచము మీదనే చేరినది. సందకాడ ఆ గంట వచ్చినను దిగిపోలేదు. ముందు బొమ్మల కథ కొరకు కాచుకొని కూర్చుండెడిది. తరువాత ఊరక కూర్చుండెడిది. ఆ తరువాత అడుగ నారంభించినది.

టీవీ 'ఎందుకు' అన్నచో అమ్మ "ఏంటికి" అని దిద్దును. టీవీ 'సాయంత్రం' అనును, అమ్మ "సందకాడ" అనును. టీవీ 'పొలం' అన్నచో "కయ్య అనాల" అని చెప్పును. ఎవరి మాట సరియైనదని పాప నన్ను అడిగినది. రెండును సరియైనవే అంటిని. "ఐతే నేను పెద్దవ్వది నేర్చుకొంటాను" అన్నది, తమిళమునందే. ఇక్కడ ఒక సత్యము చెప్పవలెను. టీవీ ఆ పిల్లకు తెలుగు నేర్పలేదు. ఎన్నేండ్లు తూర్పు గోడకు ఉండి పలికినను నేర్పలేదు. నేర్పినది ప్రక్కన కూర్చుండుట. ఆ ప్రక్కచోటు ఏర్పడుటకు 12 మీటర్ల తీగ వలసివచ్చినది.

మన భాష ఆంధ్రదేశమునకు దూరమై క్షీణించుచున్నదని మన సభలలో తరచు వింటిమి, నేనును పలుమారు పలికితిని. ఇప్పుడు ఆ మాట పలుకుటకు నోరు రాదు. దూరము నాలుగు వందల యేండ్ల నాటిది. అంత దూరము దాటి మా అమ్మ నోటిలోని 'కయ్య' చెడలేదు. చెడినది మా ఇంటి లోపల, అమ్మకు నాకు నడుమ కొంత, నాకు నా పిల్లలకు నడుమ మరికొంత. ముఖ్యమైన పోగు ఒక్కటి తగిలినచో చాలునని, చుట్టును ఉన్న సన్నని పోగులను, అనగా పిలుపులు, తిట్లు, లాలిపాటలు, వంటింటి మాటలు, మేమే కత్తిరించివేసినాము. పైగా సగము రానప్పుడు రాలేదని గుర్తించినవారము కూడ కాము. మీ ఇంటిలోనైనను ఒక వృద్ధురాలు కిటికీ వైపు తిరిగి పండుకొనియున్నచో, ఆమెకు ఏది రావడములేదో ఒకసారి అడిగి చూడుడని మాత్రము మనవి.

అమ్మ ఆ తరువాత పదునాలుగు మాసములు ఉన్నది. మరణించిన నెలకు మంచము మిద్దె మీదికి పోయినది. మూల ఖాళీ అయినది గనుక టీవీని మరల తూర్పు గోడకు మార్చుదమని మా అబ్బాయి తీగను విప్పుటకు కుర్చీ ఎక్కినాడు. మనుమరాలు కిటికీ దగ్గర కూర్చుండి ఉన్నది.

"దాన్నేంటికి కదిపేది, నాయనా?" అన్నది.

మా అబ్బాయి కుర్చీ దిగినాడు. పెట్టె ఆ మూలనే ఉన్నది. ఏటేట ఆడిమాసపు గాలి తగ్గిన తరువాత, విద్యుత్తు ఆపి, నేను ఆ ఇత్తడి అతుకును విప్పి తుడిచి మరల బిగింతును. క్రిందటి యేడు పాప కుర్చీ పట్టుకొని నిలిచి, ఎట్లు బిగింపవలెనో చూచినది.